ఫైలు పట్టుకుని వచ్చిన మనిషి

ఖుర్సీపార్, భిలాయి
13-11-2025, గురువారం

చిరంజీవి మణిమాలను మావయ్య నరసింగరావు దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అత్త అరుణకుమారీ క్షేమం. అక్కడ నువ్వు వేళకి తింటున్నాననీ, బయటికి వెళ్తే స్వెట్టర్ వేసుకుంటున్నాననీ అన్నావు. రెండోది నమ్మాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో మన మాటలు ఎవరెవరు వింటారో ఎవరికి తెలుసు? ఈ కాగితాలు మరియదాసు కూతురు జాయ్ చేత ఫోటో తీయించి పంపుతాను. ఆ పిల్ల ఇక్కడే పుట్టి హిందీలో పెరిగింది, తెలుగు చదవడం రాదు కాబట్టి భయం లేదు. నిన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన కష్టం ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

నిన్న నువ్వు పంపిన కబురు నాలుగుసార్లు చదివాను. నూట నలభై కంపెనీలకి అర్జీలు పెట్టావు. జర్మన్ బాగా రావాలని కొందరన్నారు, చాలామంది జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక ఉక్కు కంపెనీ ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి తీసుకుందని నువ్వు చెప్పిన రోజు మీ అత్త ఈ క్వార్టర్ల లైనంతా మిఠాయి పంచింది. ఇప్పుడేమో నువ్వు ఇచ్చిన ఇంటి చిరునామాలో అసలు నువ్వెవరో ఎవరికీ తెలియదని తేలిందట. పది రోజుల్లో రుజువు చూపకపోతే ఆ చోటు వేరే వాళ్ళకి ఇచ్చేస్తారట. అది పోతే డిగ్రీ ఆగుతుందనీ, డిగ్రీ ఆగితే అక్కడ ఉండనిచ్చే కాగితానికే ఎసరొస్తుందనీ రాశావు. మనింటికి ఎవరైనా వచ్చి అడిగారా మావయ్యా అన్నావు.

నాకు ఆ కంపెనీ మీదే అనుమానంగా ఉంది. ముప్పై రెండేళ్ళు ఇక్కడి ఉక్కు ప్లాంటు గేటు దగ్గర పాసులు చూసినవాణ్ణి. పాసు మీద ఫోటో, ఎదురుగా మొహం, ఒక్క చూపు చాలు, ఎవరు మనవాడో ఎవడు దొంగో చెప్పేసేవాణ్ణి. నిన్ను కంప్యూటర్లో తప్ప చూడని వాళ్ళు పని ఇస్తామనడమేమిటి? పాస్‌పోర్టు కాపీ ఎందుకు పుచ్చుకున్నారు? జర్మనీలో చేసే పనికి ఖుర్సీపార్ ఇంటితో ఏం పని?

నీ గదిలో ఉండే కుముదిని సంగతి కూడా ఆలోచించు. ఆ అమ్మాయికీ ఇంకా ఇంటర్న్‌షిప్ దొరకలేదన్నావు. నీ మెయిల్ తెరిచి ఉండగా తను గదిలోకి వచ్చిందేమో గుర్తుచేసుకో. నీకు పరమాన్నం వండిపెట్టిందని చెప్పావు. ఉత్తపుణ్యానికి పరమాన్నం ఎవరు వండుతారు?

మన ఇంటికి నీ గురించి అడుగుతూ ఎవరూ రాలేదు. పోయిన గురువారం ఒకడు ఫైలు పట్టుకుని వచ్చాడు గానీ వాడు ప్లాంటు క్వార్టర్ల తనిఖీ మనిషి. మన క్వార్టరు సంగతి నీకు తెలిసిందే కదా. నేను రిటైరై నాది ఖాళీ చేశాక, ఇంకా ప్లాంటులో పనిచేస్తున్న మరియదాసు పేరున ఉన్న దీంట్లోకి వచ్చాం, ఆయన వైశాలి నగర్లో సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఒకరి క్వార్టర్లో ఇంకొకరు ఉండకూడదు. అందుకే ఫైలుతో ఎవరొచ్చినా ఈ లైన్లో అందరూ ఒకటే చెబుతారు: మేం చుట్టపుచూపుగా వచ్చాం, ఇక్కడ ఎవరుంటారో తెలియదు. పసిపిల్లలకి కూడా ఇది కంఠతా వచ్చు. ఇంట్లో ఎవరుంటారని వాడు అడిగాడు, నేనూ అదే చెప్పాను. రాసుకుని, ఒక చీటీ ఇచ్చి పోయాడు. అంతే.

కాబట్టి తొందరపడి వాళ్ళకి ఇంకే కాగితమూ పంపకు. మీ ప్రొఫెసరు చేత ఆ కంపెనీ అసలు ఉందో లేదో కనుక్కో. ఏడుస్తూ కూర్చోకు. అక్క నిన్ను నా చేతిలో పెట్టి కన్నుమూసిన రోజు నుంచీ నీకు ఏ లోటూ రానివ్వలేదు, ఇప్పుడూ రానివ్వను.

నీ మేలు కోరే మావయ్య,
నరసింగరావు

తా.క. శనివారం సాయంత్రం. ఈ కాగితాలు ఇంకా జాయ్‌కి ఇవ్వలేదు. నిన్న మీ అత్త ఇవి చదివింది. ఆడు ఏటడిగేడు, నువ్వేటి చెప్పేవు, నిజం చెప్పు అని నిలదీసింది. అన్నం కూడా పెట్టలేదు.

మణీ, ఆ వచ్చినవాడు తనిఖీ మనిషి కాడు. పేరు సురేశ్. బయటి దేశాల కంపెనీల తరఫున ఇళ్ళకి వెళ్ళి చిరునామాలు సరిచూసే ఆఫీసులో పని. ఆ మాట గుమ్మంలోనే చెప్పాడు. క్వార్టరు పట్టుకోవడానికి కొత్త ఎత్తు వేశారనుకున్నాను. ఇంట్లో ఎవరుంటారని మాత్రమే అడిగినట్టు పైన రాశాను, అది అబద్ధం. నీ పేరు చెప్పాడు. నీ ఫోటో చూపించాడు. పాస్‌పోర్టు కోసం నేనే పక్కన నిలబడి తీయించిన ఫోటో. దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదన్నాను.

నీ కబురు మొదటిసారి చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. మిగతా మూడుసార్లు, తప్పు ఇంకెవరిదైనా అవుతుందేమోనని చదివాను. పాపం, ఆ కుముదినిని ఏమీ అనకు.

ఈ ఉదయం వైశాలి నగర్ వెళ్ళి మరియదాసుకి అంతా చెప్పాను. నువ్వు ఈ క్వార్టర్లో మాతోనే ఉండేదానివని నేను సంతకం పెడితే, ఆ కాగితం తిరిగి తిరిగి ప్లాంటుకి చేరితే ఆయనకీ ఇబ్బందేనన్నాను. క్వార్టరు నేనే అప్పగించేస్తాను, ముందు పిల్ల పని చూడు భయ్యా అన్నాడాయన. నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం. భిలాయి-3 పేటలో ఒక ఇల్లు చూశాం, స్టేషన్ దగ్గర.

తర్వాత చీటీలో నంబరుకి ఫోన్ చేస్తే సురేశ్ మధ్యాహ్నమే వచ్చాడు. క్వార్టరు నంబరు కనబడేలా నన్ను గేటు ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. సోమవారం రిపోర్టు పంపిస్తాడట. ఫైల్లోంచి నీ ఫోటో మళ్ళీ తీసి, అంకుల్‌జీ, ఇప్పుడైనా గుర్తుపట్టారా అని అడిగాడు. వాడి మొహంలోకి చూడలేకపోయాను. నా మేనకోడలు, నా చేతుల్లో పెరిగిన పిల్ల అని చెప్పాను. అదే రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి తల్లీ. ఎవరు విన్నా పరవాలేదు.