తులసికోట కాడ దీపం పెట్టకు

లక్ష్మీనర్సమ్మా,

ఇయ్యాల తులసికోట కాడ దీపం ముట్టియ్యకు. చేపల గాలం రీలు బేరింగులు పెట్రోల్ల కడుగుతుంటే గిన్నె బోర్లపడి కోట చుట్టూ పారింది. సబ్బునీళ్లు గుమ్మరించిన గని వాసన ఇంక పోలే. ఫోన్ చేద్దామంటే నీ ఫోను ఇంట్లనే మోగుతుంది.

చాయ్ సాసర్ల ఉన్న చిన్న బేరింగు పారెయ్యకు, అది మంచిగనే తిరుగుతుంది. రెండోది తుప్పువట్టి గరగరమంటుంది. అందుకే ఎంత జోరుగ ఇసిరినా గాలం నా కాళ్ల కాడనే పడుతుంది. దుకాణం మూసెయ్యకముందే కొత్తది తేనీకి ఆబిడ్స్ పోతున్న. ఒచ్చినంక రెండిట్ల ఒక్కొక్క చుక్క నీ కుట్టుమిషన్ నూనె ఏస్త. ఇగ రేపు హిమాయత్‌సాగర్‌ల ఇసిరితే, అవతలి ఒడ్డు మీది గొర్లకాపరి తలపాగ ఊడవీక్కొస్తది, చూస్కో.

నవ్వకు. నాకు జర భయంగనే ఉంది. కూరగాయల సంచి దించకముందే నువ్వు దీపం కాడికి పోతవు, నాకెరుకలేదా. తిట్లన్నీ జమచేసి పెట్టు, ఒచ్చి తింట.

అగ్గిపెట్టె కోసం దేవులాడకు. దాని జాగల ఈ చీటీ పెట్టిన. అగ్గిపెట్టె, గ్యాస్ లైటరు రెండూ నా జేబులనే ఉన్నయి. పక్కింట్ల అడుగుతవేమో, నీకు దండం పెడుత, నేనొచ్చేదాక అడగకు.