ఆఖరి షాట్‌లో నా వీపు

నవంబర్ 18

ఇవాళ బోథ్‌లో, పత్తి చేనులో, నా విరహం షూట్ చేశారు. సినిమాలో నా పేరు స్రవంతి. ప్రేమించినవాడు వదిలేస్తే కరీంనగర్ నుంచి పారిపోయి, చిన్నమ్మ చేనులో పత్తి ఏరుతూ తనెవరో వెతుక్కుంటుంది. పొద్దున్నుంచి వెతికాను. కాయల మొనలు గీరుకుని వేళ్ళు మండాయి తప్ప ఏమీ దొరకలేదు.

హీరో రంజిత్. బయట కూడా నా హీరోనే, మొదటి షార్ట్ ఫిల్మ్ నుంచి. యూట్యూబ్ జనానికి మేమిద్దరం ఒకే పేరు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వాళ్ళకూ అంతే. "ఎట్లైనా రంజిత్‌నే చేసుకుంటది గదా, పోనియ్యి" అని నన్ను కన్న అవ్వ మా బాపును ఒప్పించింది. నా యాక్టింగ్ ఆ ఒక్క మాట మీద నడుస్తోంది.

నవంబర్ 19

తిరుగు ప్రయాణంలో వ్యాన్ టీ కోసం ఆగింది. రంజిత్ పక్కకు పిలిచాడు. చెన్నూరులో తనకు పెళ్ళి సంబంధం ఖాయమైందట. "నేనేం జెయ్యాలె మమతా, ఇంట్లోళ్ళు నా మాట ఇంటలేరు" అన్నాడు. సినిమా రిలీజ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దట. జంట విడిపోయిందంటే ఎవరు చూస్తరని నన్నే అడిగాడు.

ఇదంతా చెప్పి టీ మొత్తం తాగాడు. నాది చల్లారిపోయింది.

నవంబర్ 20

ఏడుపు రాలేదు. ఎదురుచూశాను కూడా.

నవంబర్ 23

అవ్వకు చెబితే రేపటి నుంచి షూటింగ్ బంద్. గడప దాటనివ్వరు. డైరెక్టర్ శ్రీహరన్న ఈ కథ కోసం పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుంటూ ఏళ్ళకేళ్ళు తిరిగాడు. సగం సినిమా హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోతుంది. చెప్పకపోతే రోజూ రంజిత్ భుజం మీద తల పెట్టి, నువ్వు లేకపోతే నేను లేనని అనాలి. ఎటు తిరిగినా గోడే.

పైగా వాడి మీద కోపం వచ్చినప్పుడల్లా వాడి షర్ట్ వాసన గుర్తొస్తుంది. ఛీ, నా బతుకు.

నవంబర్ 30

మానేరు డ్యామ్ కట్ట మీద ప్రమోషన్ రీల్. చెయ్యి పట్టుకొని నడవాలి. వాడి అరచెయ్యి చెమటలు పట్టింది. నాది ఎండిపోయి ఉంది. కింద కామెంట్లన్నీ పెండ్లెప్పుడు, పెండ్లెప్పుడు.

అవ్వ కూడా కామెంట్లో గులాబీ బొమ్మలు పెట్టింది.

డిసెంబర్ 7

మంథని, గోదావరి ఒడ్డు. క్లైమాక్స్. హీరో తప్పు తెలుసుకుని వస్తాడు. నేను "నిన్ను మర్సిపోలే. పా, పోదాం" అనాలి. అని ఏడవాలి.

రంజిత్ ఏడ్చాడు. అబ్బో, ఏం ఏడ్చాడు! ఒడ్డున బట్టలు ఉతికేవాళ్ళు కూడా ఆపి చూశారు. నా కళ్ళు మాత్రం తడవలేదు. గ్లిజరిన్ పెట్టారు, మంట తప్ప నీళ్ళు లేవు. పొద్దు గుంకుతోంది. శ్రీహరన్న ఎన్నడూ అరవనివాడు అరిచాడు. "ఏమైందే నీకు, రాయి లెక్క నిలవడ్డవ్" అన్నాడు. చివరికి కెమెరా నా వెనక్కి తెచ్చాడు. నా వీపు, నా మాట, ఎదురుగా వాడి ముఖం. వాడు తల ఊపి కళ్ళు తుడుచుకుంటాడు. ఇద్దరం కలిసి నడిచే షాట్ మిగిలింది గానీ వెలుతురు పోయింది. ఇక్కడికి చాలు, ఇట్లనే ముగిద్దామన్నాడు.

వీపు కూడా యాక్టింగ్ చేయలేదని నాకు తెలుసు.

డిసెంబర్ 21

కరీంనగర్‌లో డబ్బింగ్. షూటింగ్‌లో అన్న మాటలు గాలికే పోతాయి. ఈ చిన్న గదిలో బొమ్మ చూస్తూ మళ్ళీ చెప్పాలి. ఫ్యాన్ వేస్తే సౌండ్ వస్తుందని అదీ లేదు. తలుపు మూస్తే ఊపిరాడదు.

ఆఖరి షాట్ వచ్చింది. తెర మీద నా వీపు. పెదవులు కనబడవు. ఆ సంగతి అప్పుడే తట్టింది. "నిన్ను మర్సిపోలే" అన్నాను. తర్వాత "గాని నేను రాను" అన్నాను. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. నదీ గ్లిజరినూ తేలేకపోయిందంతా మైక్ ముందు కారిపోయింది.

శ్రీహరన్న తలుపు తెరిచి లోపలికి వచ్చాడు. పక్కన కూర్చుని ఏమైంది బిడ్డా అన్నాడు. మొత్తం చెప్పాను. తర్వాత ఆ మాటను బొమ్మకు కలిపి వేయించాడు. రంజిత్ అదే తల ఊపుతున్నాడు, అవే కళ్ళు తుడుచుకుంటున్నాడు. కానీ ఇప్పుడు వాడు పోగొట్టుకున్న మనిషి. "గిదే ఉండనీ" అన్నాడు శ్రీహరన్న. "గాని రిలీజ్ లోపల ఇంట్ల నువ్వే చెప్పుకోవాలె" అని కూడా అన్నాడు.

డిసెంబర్ 23

రంజిత్ ఫోన్. కథ ఖరాబ్ చేశానట. పాత మాటే మళ్ళీ చెప్పమంటాడు. "మా అత్తగారోళ్ళు చూస్తే నువ్వే నన్ను ఇడ్సిపెట్టినట్టుంటది" అన్నాడు. ఉండనీ అన్నాను.

జనవరి 4

రోజూ అవ్వకు చెబుదామని నోరు తెరుస్తాను. అన్నం పెట్టవా అన్న మాటే బయటికి వస్తుంది.

జనవరి 10

రిలీజ్. బాపు డ్యూటీలో ఉన్నాడు. అవ్వ ఫోన్‌లో సినిమా పెట్టుకుని కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. ఆఖరి మాట దగ్గర ఆపింది. నా వైపు తిరగలేదు. "ఇది కథల మాటనా, నీ మాటనా" అని అడిగింది.

నాదే అన్నాను.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది. బాపుకు నేను చెప్త అన్నది.