లేని బంతి

అక్కకి తమ్ముడు రాసేది.

"రెండేళ్ళు బెంచీ మీద కూర్చున్న పిల్ల, అయిదు ఆటలు గెలిపించగానే ఉద్యోగం మానేస్తానంటోంది. ఈ వెలుగు ఎన్నాళ్ళురా?" అని అడిగావు. బాస్కెట్‌బాల్ కోర్టు తుడుచుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? చూసింది మాత్రం రాస్తాను.

మొన్న నీ కూతురు ఒక్కతే ముప్ఫై ఒక్క పాయింట్లు వేసింది. జనం భుజాల మీద మోశారు. అదేమో రెండు ఫ్రీ త్రోలు పోయాయని మొహం మాడ్చుకుంది. నిన్న పొద్దున్నే మళ్ళీ తయారు. ఒక్కరోజైనా ఒంటికి విశ్రాంతి ఉంటుందని, బంతుల గది తాళంచెవి జేబులో దాచి "ఎక్కడో పోయింది" అన్నాను. "సరేలే మామయ్యా" అని ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి, ఒట్టి చేతులతోనే వేయడం మొదలుపెట్టింది. ఒకసారి వేసి వేలు మడుస్తోంది. ఒకసారి మడవడం లేదు.

"అదేంటే, దాన్ని లెక్కపెట్టలేదు?" అన్నాను.

"అది పడలేదు మామయ్యా. మణికట్టు ఒరిగింది" అంది.

లేని బంతి విషయంలో కూడా అబద్ధమాడని పిల్ల అక్కా అది. ఎన్నాళ్ళో నాకు తెలియదు గానీ, తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టేశాను. నువ్వూ సరేనను.

నీ తమ్ముడు