తొట్టిలో చెరువు వైద్యం

బూర్గంపాడు, ఆదివారం

గౌరామీ చేపలు రెండూ బతికాయి. సాయంత్రం మేత వేస్తే ఎగబడి తిన్నాయి. ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి అక్వేరియం నీళ్లు తెల్లగా ఉన్నాయి, పక్కనే మామయ్య. "చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నయ్ బిడ్డా. మన చెరువుల గిట్లయితే సున్నమే కదా చల్లుతం. జరంత ఏసిన" అన్నారు. పైకొచ్చి గాలి పీల్చడం గౌరామీకి అలవాటే. చెరువు చేపలు పెంచే మనిషికి అది ప్రాణం పోతున్నట్టు కనిపించింది.

టెస్ట్ కిట్‌తో చూస్తే పీహెచ్ ఎప్పుడూ లేనంత పైకి పోయింది. అరవాలనిపించింది. నీళ్లన్నీ ఒకేసారి మారిస్తే ఆ దెబ్బకే చచ్చిపోతాయని, డ్రమ్ములో నిల్వ ఉంచిన నీళ్లు సాయంత్రందాకా కొంచెం కొంచెంగా మార్చాను. మామయ్య చెరువు దగ్గరికి కూడా పోకుండా మగ్గుతో నీళ్లు అందిస్తూనే ఉన్నారు.

అన్నం తినేటప్పుడు "ఇగ నిన్నడగకుండ ఏం ఎయ్య" అన్నారు. నవ్వాను. అంతలో ఒక గౌరామీ పైకొచ్చి నోరు తెరిచింది. ఇద్దరం ఎంగిలి చేతులతోనే తొట్టి దగ్గరికి పరుగెత్తాం. అది గాలి పీల్చుకుని తాపీగా కిందికి పోయింది.

అలవాటేనని తెలిసిన నేనే ముందు లేచాను.