ఫిరంగి నోట్లో ముడుపు

అన్నూరు

రేవుకోట పెద్దాఫీసరు వరదరాజన్ తంబికి,

నా పేరు పొన్ను. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో నేను, మా ఆయన, రెండు మేకలు. (ఆయన పేరు అవ్వ పలకదు. చిన్నప్పన్. రాస్తున్నది పక్కింటి జెబమలర్.) ఈ అరవనాట మీరూ తెలుగువారేనని విన్నాను కాబట్టి మన మాటలోనే చెబుతున్నాను.

పోయిన ఆదివారం మీ కోటకు వచ్చాం. గేటు, మెట్లు, రేవు, ఓడలు వచ్చే దారి, సముద్రం వైపు తిరిగిన పెద్ద ఫిరంగి, అన్నీ జెబమలర్ చేత ఫొటో తీయించాను. మీ కాపలా పళనివేల్ వచ్చి ఫోను లాక్కున్నాడు. రేవును ఫొటో తీయకూడదట. ఆ ఫొటోలు నాకు కావాలి. నాకేమైనా అయితే మిగతా పని మావాళ్ళు చూసుకోవాలి కదా.

ఇంకొకటి. ఆ ఫిరంగి నోట్లో నేను ఒకటి పెట్టాను. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ముట్టుకుంటే ఓడకు ముప్పు.

ఇట్లు,
పొన్ను (వేలిముద్ర)
సాక్షులు: జెబమలర్, చిన్నప్పన్

తా.క. భయపడొద్దు. చిన్నదే.

*

రేవుకోట కార్యాలయం

శ్రీమతి పొన్ను గారికి,

మీ ఉత్తరం అందింది. అందిన వెంటనే కోట ఖాళీ చేయించాం. ఏ ఓడకు ముప్పు? మిగతా పని అంటే ఏమిటి? దాన్ని చూసుకోబోయే మీవాళ్ళు ఎవరు?

పోలీసులు పొడవాటి కర్రతో ఫిరంగి నోట్లోంచి పసుపు గుడ్డ మూటను బయటికి లాగి విప్పారు. అందులో ఒక రూపాయి బిళ్ళ, వేపాకు, కొంచెం మన్ను దొరికాయి. మన్నును పరీక్షకు పంపాం. వెంటనే వివరణ ఇవ్వగలరు.

భవదీయుడు,
వరదరాజన్, సంరక్షణాధికారి

తా.క. పోలీసు కుక్క పసుపు ఘాటుకు ఇప్పటికీ తుమ్ముతోంది. దానికి మందేదైనా తెలిస్తే అదీ రాయగలరు.

*

అన్నూరు

వరదరాజన్ తంబికి,

విప్పేశారా?

అది ముడుపు తంబీ. మా మనవడు వినోత్ ఓడలో వంటపనికి పోయాడు. దూరం పోయిన బిడ్డ క్షేమంగా తిరిగి రావాలని, మావాళ్ళు ఇంటి వాకిట్లో మన్ను మూటగట్టి పొలిమేర కాపలా సామి దగ్గర పెడతారు. బిడ్డ గడప తొక్కాక, కట్టిన చేయే ఆ ముడి విప్పాలి. ఆ చేయి లేకపోతే ఇంటివాళ్ళు విప్పాలి. వాళ్ళకు చోటు తెలియాలనే ఆ ఫొటోలు. మా పొలిమేర సామి జొన్నచేలకు కాపలా. సముద్రం సంగతి ఆయనకేం తెలుసు? రేవుకు కాపలా ఎవరని విచారిస్తే, మీ కోటలో ఫిరంగిని చూపించారు.

బిడ్డ నడిసముద్రంలో ఉండగా విప్పేశారు. వాడి దగ్గర నుంచి ఫోను వచ్చి నెలయింది. టీవీలో వాయుగుండం అన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎవరి గేటు చప్పుడైనా వాకిట్లోకి పోయి చూస్తున్నాను. ఆ మన్ను తెప్పించి, మళ్ళీ కట్టి, అక్కడే పెట్టండి.

మీ కాళ్ళు పట్టుకోను. మీరు పెడతారు.

పొన్ను (వేలిముద్ర)
సాక్షులు: జెబమలర్, చిన్నప్పన్

తా.క. కుక్క ముక్కుకు కొబ్బరినూనె రాయండి. పాపం, దానిదేం తప్పు. ముడి విప్పింది అది కాదు.

*

రేవుకోట కార్యాలయం

పొన్ను గారికి నమస్కారం.

మన్ను మన్నేనని పరీక్షలో తేలింది. ముడుపు పళనివేల్ చేత మళ్ళీ కట్టించి అక్కడే పెట్టించాను. ఫోను, అందులోని ఫొటోలతో సహా పంపుతున్నాను.

అయితే ఒక మాట. మీరు కూర్చున్నాకే ఇక్కడి నుంచి చదివించుకోండి. కేసు మూసేముందు పోలీసులు వినోత్ గురించి ఓడవాళ్ళను అడిగారు. అతను ఓడ ఎక్కనే లేదట. వాకబు చేస్తే మీ ఊరికి దగ్గర్లోనే, పీలమేడులో, ఒక కాలేజీ పక్క పరోటా అంగట్లో దొరికాడు. క్షేమంగా ఉన్నాడు.

భవదీయుడు,
వరదరాజన్

తా.క. విచారణ మధ్యలో పోలీసులు తలా రెండు పరోటాలు తిన్నారట. కుర్రాడి చేయి మంచిదన్నారు.

*

అన్నూరు

వరదరాజన్ తంబికి,

కూర్చునే విన్నాను. విని లేచి పీలమేడు బస్సెక్కాను. పిండి చేతులు కడుక్కోనివ్వకుండా వాణ్ణి ఇంటికి తెచ్చాను.

"అవ్వా, ఓడ అంత ఎత్తుంటుందని ఎవురూ చెప్పలే. చూసి అట్నే తిరిగొచ్చేస్తి" అంటాడు.

"ఇంటికి రాకూడదా రా?"

"బస్టాండులో నా ఫొటో పెట్టి అంత పెద్ద ఫ్లెక్సు కట్టించినావే. ఏ మొగంతో వచ్చేది?"

ముందే చెప్పి ఉంటే నేను కొట్టేదాన్నా? కొట్టేదాన్నే. అది వేరే సంగతి. ఆ రాత్రి వండి పెట్టిన సోరు వాడు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నేనూ తిన్నాను.

ఎక్కడి నుంచి వస్తేనేం, బిడ్డ గడప తొక్కాడు. మొక్కు మొక్కే. రెండోసారి కట్టింది పళనివేలే అయినా మొక్కింది నేను కాబట్టి, శుక్రవారం వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి నా చేత్తోనే ముడి విప్పుతాను. గేటు తీయించండి.

తా.క. ఫిరంగి నోట్లో ఇప్పుడు ఇంకా చాలా మూటలు ఉన్నాయని, రేవులో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు పెట్టిపోయారని పళనివేల్ ఫోనులో చెప్పాడు. తీసేయమంటారా అని మిమ్మల్ని అడగబోతున్నాడట. వాటి జోలికి పోకండి తంబీ. వాళ్ళ బిడ్డలు నిజంగానే సముద్రంలో ఉన్నారు.

పొన్ను (వేలిముద్ర)
సాక్షులు: జెబమలర్, వినోత్