కొత్త షాకులు, అమ్మ ఎత్తు

శనివారం రాత్రి

పాత బైకుకు వెనక షాకబ్సార్బర్లు రెండూ మార్పించాను. గాంధీపురం గుంతల్లో కూడా మెత్తగా పోయింది. ఆ హుషారులో అమ్మను కారమడై గుడికి తీసుకెళ్దామని వాకిట్లో ఆపాను. ఎప్పుడూ పక్కకు తిరిగి ఇట్టే కూర్చునే మనిషి, రెండుసార్లు ఎక్కబోయి జారింది.

"ఏంరా, బండి పెరిగెనా, నేను తగ్గిపోతినా?" అని నవ్వింది.

"పాత స్ప్రింగు కుంగిపోయుండెమ్మా" అన్నాను.

చివరికి గుమ్మం మెట్టు మీద నిలబడి ఎక్కింది. దారంతా ఎదురింటి అత్త సంగతులే. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా మాట తెగలేదు.

ఇన్నేళ్లూ బండీ అమ్మా కలిసే కుంగుతూ వచ్చినట్టున్నారు, అందుకే నాకు తెలియలేదు. సోమవారం మెకానిక్ అన్నతో స్ప్రింగు కాస్త దించించాలి, అమ్మకు చెప్పకుండా.