మగ్గం గుంటలో నీళ్లు

బెజవాడ, 1946 ఆగస్టు, మంగళవారం.

నేతపని చేసే రత్తమ్మగారి మగ్గం గుంటలో నెల నుంచి నీరూరుతోంది. కాళ్లు దించే వీల్లేక నేత ఆగింది. పక్కింటి యోహానుగారి స్నానాల నీళ్లేనని ఆమె ఆయనతో మాటలు మానేసింది. చివరికి కుళాయిలు వేసేవాణ్నని నన్ను పిలిపించింది.

వీధిలో మగ్గాలన్నీ కాసేపు ఆపించి, ఇనుప చువ్వ నేలకు ఆనించి దాని పై కొసకు చెవి పెట్టాను. గుమ్మం దగ్గర సన్నగా బుస వినిపించింది. తవ్వితే కుళాయి గొట్టం అతుకు కారుతోంది. ఆమె ఈ ఇంట్లో దిగకముందు నేను వేసిందే.

"ఎవరండీ ఇంత చక్కగా అతికింది?"

"నేనేనమ్మా."

ఆమె పక్కింటి గోడ వైపు చూసింది. "ఆ ముక్క యోహానుగారికీ మీరే చెప్పండి. నాకు మొహం చెల్లదు."

చెప్పాను. ఆయన గోడ మీదుగా, "ఏమమ్మా, ఇంకా నా నీళ్లేనా?" అని కేకేసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అతుకు మళ్లీ వేశాను. ఆ వీధిలో నేను వేసిన అతుకులు ఇంకా నాలుగున్నాయి. ఎవరూ పిలవకముందే వెళ్లి వినాలి...